బడి వరండాలోకి చెట్టునీడ

మన బిడ్డలు రోజుకు ఎన్ని గంటలు బడిలో గడుపుతున్నారో మనం ఎప్పుడైనా లెక్క వేశామా? ఉదయం ఎనిమిదిన్నరకు బస్సెక్కిన బిడ్డ సాయంత్రం నాలుగు దాటితే గాని ఇంటి ముఖం చూడడు. బడిని ఎంచుకునేటప్పుడు మనం తరగతి గదులు చూస్తాము, బెంచీలు చూస్తాము, ఫీజు ఎంతో అడుగుతాము. కాని పిల్లలు అన్నం తినే చోటు ఎలా ఉన్నదో, వరండాలో వెలుతురు ఉన్నదో లేదో, మెట్ల మలుపులో గాలి ఆడుతున్నదో లేదో చూచేవారు అరుదు. ఇవి అన్ని తరగతులవారూ వాడుకునే ఉమ్మడి స్థలాలు. అందుచేతనే వీటి బాధ్యత ఏ ఒక్క టీచరు మీదా ఉండదు.

కొన్నేళ్ల క్రిందట మా పిల్లలు చదివే బడిలో ఈ ఉమ్మడి స్థలాలను బాగుచేయించే పని మా అయిదుగురి మీద పడింది. మాది కోస్తాలో ఒక చిన్న పట్టణం. మాలో ఇద్దరు తల్లులు, ఇద్దరు తండ్రులు, రిటైరైన ఒక డ్రాయింగు మాస్టారు. మాస్టారు తప్ప మాలో ఎవరికీ ఇటువంటి పని తెలియదు. చేసిన పొరపాట్లతో సహా మా అనుభవాన్ని పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటి పొరపాటు

మేము ముందుగా పిలిచినది ఒక కాంట్రాక్టరును. ఆయన రంగురంగుల బొమ్మలు తెచ్చి చూపించారు. “ఇప్పుడంతా నేచర్ థీమే నడుస్తోంది సార్” అన్నారు. వరండా అంతా ప్లాస్టిక్ పచ్చగడ్డి, గోడలకు అడవి బొమ్మల స్టిక్కర్లు, భోజనాల హాలుకు నీలాకాశం వేసిన ఫాల్స్ సీలింగు, కిటికీలు మూసి ఏసీలు. చివరగా, బస్సులు తిరగడానికి వీలుగా పెరటిలోని కానుగ చెట్టును కొట్టివేయడం. ప్రకృతి పేరు చెప్పి నిజమైన చెట్టును తీసివేస్తున్నామన్న సంగతి ఆనాడు మాకు తట్టలేదు. ఆ బొమ్మలు చూసి మేమంతా సంతోషంగా ఒప్పుకున్నాము. మాస్టారు ఒక్కరే, “ముందు ఒక్క వరండా చేయించి చూద్దాం, చెట్టు ఎక్కడికీ పోదు కదా” అన్నారు. ఆ మాటే మమ్మును కాపాడింది.

ఏప్రిల్‌లో గడ్డి పరిచారు. ఎండ తగిలేసరికి అది కాలిన పెనంలా వేడెక్కింది. పిల్లలు చెప్పులు విప్పి దానిమీద కాలు పెట్టలేకపోయారు. వానలు మొదలుకాగానే అడుగున నీరు నిలిచి వాసన కొట్టింది. అక్టోబరు నాటికి ఆయమ్మ దానిని చుట్టచుట్టి పాత సామాన్ల గదిలో పడవేసింది. “అయ్యా, ఇది ఊడిస్తే పోదు, కడిగితే ఆరదు” అన్నది. ఆ సొమ్ము మరి తిరిగి రాలేదు. అప్పుడు గాని మేము కూర్చుని, అసలు ప్రకృతికి, గదికి సంబంధమేమిటని చదవడం మొదలుపెట్టలేదు.

పచ్చదనం వలన మేలు ఏమిటి?

ఈ విషయంలో అందరూ మొదట చెప్పుకునేది ఒక ఆసుపత్రి సంగతి. అమెరికాలో రోజర్ ఉల్‌రిక్ అనే పరిశోధకుడు పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఒక ఆసుపత్రిలో 1972 నుండి 1981 వరకు పిత్తాశయం ఆపరేషను అయినవారి రికార్డులు పరిశీలించాడు. మొత్తం 46 మంది. వారిలో 23 మంది గది కిటికీలో నుండి చెట్లు కనిపించేవి. మిగిలిన 23 మందికి ఇటుక గోడ కనిపించేది. చెట్లు కనిపించినవారు కొంత ముందుగానే ఇంటికి వెళ్లారు. బలమైన నొప్పి మందులు కూడా వారికి తక్కువే అవసరమైనవి. ఈ వివరాలు 1984లో ‘సైన్స్’ పత్రికలో వెలువడ్డాయి. అదే సంవత్సరం ఎడ్వర్డ్ విల్సన్ అనే జీవశాస్త్రజ్ఞుడు ‘బయోఫీలియా’ అనే పుస్తకం రాశాడు. ప్రాణమున్న వాటి వైపు మనిషి మనసు సహజంగానే లాగుతుందని ఆయన వాదన. నేడు భవన నిర్మాణంలో వినవస్తున్న ‘బయోఫిలిక్ డిజైన్’ అనే మాట ఆ ఆలోచన నుండి వచ్చినదే.

బడుల సంగతి ఏమిటి? మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన రేచెల్ కప్లాన్, స్టీఫెన్ కప్లాన్ దంపతులు 1989లో ఒక పుస్తకంలో ఈ మాట వివరించారు. లెక్క చేసేటప్పుడు, పాఠం వినేటప్పుడు బిడ్డ పట్టుదలగా మనసు నిలపాలి. ఆ శక్తి కొంతసేపటికి అలసిపోతుంది. ఆకులు కదలడం, మబ్బులు సాగడం, నీడలు మారడం వంటివి చూస్తున్నప్పుడు మనసు ప్రయాసపడకుండానే నిమగ్నమవుతుంది. ఆ సమయంలో అలసిన శక్తి తిరిగి కోలుకుంటుందని వారి సిద్ధాంతం.

2016లో వెలువడిన మరొక పరిశోధన మాకు ఎంతో పనికివచ్చింది. ఇల్లినాయ్ రాష్ట్రంలో 5 ఉన్నత పాఠశాలలకు చెందిన 94 మంది విద్యార్థులను మూడు రకాల గదులలో కూర్చోబెట్టారు. కొందరికి కిటికీ లేని గది, కొందరికి కట్టడాలు కనిపించే గది, మరికొందరికి పచ్చదనం కనిపించే గది. పని చేస్తున్నంతసేపు వారి మధ్య పెద్ద తేడా రాలేదు. కొద్ది నిమిషాలు విశ్రాంతి ఇచ్చిన తరువాత, చెట్లు కనిపించినవారు మనసు నిలపడంలో మెరుగుపడ్డారు. వారి శరీరంలో ఒత్తిడి లక్షణాలు కూడా త్వరగా తగ్గాయి. అంటే పచ్చదనం చేసే మేలు ఎక్కువగా విరామ సమయంలోనే కనబడింది. విరామంలో మన పిల్లలు ఉండేది ఎక్కడ? వరండాలో, మెట్ల మీద, భోజనాల హాలులో. మనం పట్టించుకోని చోట్లలోనే.

దీనికి తోడు 2010లో మిషిగన్ రాష్ట్రంలోని 101 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలను గూర్చి ఒక అధ్యయనం వచ్చింది. భోజనశాల కిటికీలలో నుండి చెట్లు, పొదలు ఎక్కువగా కనిపించే బడులలో పరీక్షా ఫలితాలు మెరుగుగా ఉన్నట్లు అందులో తేలింది. విశాలమైన పచ్చిక మైదానాలకు, కార్లు నిలిపే స్థలాలకు మాత్రం ఆ మేలు కనబడలేదు. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. ఇటువంటి పరిశీలన రెండు విషయాలు కలిసి కనబడుతున్నాయని చెబుతుందే గాని, చెట్టు నాటిన వెంటనే మార్కులు పెరుగుతాయని హామీ ఇవ్వదు. మేము కూడా ఆ ఆశతో పని చేయలేదు.

మెట్ల క్రింద చిన్నారి

పుస్తకాల కంటె ఎక్కువగా మాకు నేర్పినది నాలుగో తరగతి చదివే ఒక చిన్నపిల్ల. మధ్యాహ్నం వేళ పిల్లలు ఎక్కడెక్కడ ఉంటున్నారో చూద్దామని మేము వంతులవారీగా వారం రోజులు బడిలో నిలబడ్డాము. భోజనాల హాలులో చెవులు గింగురుమనే గోల. చప్పట్లు కొడితే ఆ చప్పుడు గోడల మధ్య తిరుగుతూ వినిపించేది. ఆ గోల మధ్య చాలామంది పిల్లలు సగం అన్నం వదిలి లేచిపోతున్నారు. ఈ పిల్ల మాత్రం రోజూ డబ్బా పట్టుకుని మెట్ల క్రింద, చీపుళ్లు పెట్టే మూలలో కూర్చుని తింటున్నది. ఎవరైనా ఏమైనా అన్నారేమోనని మాకు భయం వేసింది. మాలోని ఒక తల్లి మెల్లగా అడిగింది.

“హాల్లో చప్పుడు ఆంటీ. ఇక్కడైతే వాన కనిపిస్తుంది” అన్నది ఆ పిల్ల.

మేము వంగి చూశాము. నిజమే. ఆ మూలలో గోడకు వీపు ఆనించి కూర్చుంటే పెరటిలోని కానుగ చెట్టు, దాని మీద పడుతున్న వాన స్పష్టంగా కనబడుతున్నాయి. బడి మొత్తంలో అంతకంటె మంచి చోటు లేదు. జే యాపిల్టన్ అనే భూగోళ శాస్త్రజ్ఞుడు 1975లో రాసిన పుస్తకంలో ఇదే చెప్పాడు. ముందు విశాలంగా కనబడాలి, వెనుక రక్షణ ఉండాలి, అటువంటి చోటునే మనిషి ఇష్టపడతాడు అన్నాడు. పుస్తకం చదవకుండానే ఆ పిల్ల ఆ చోటును వెదుక్కున్నది. మేము కొట్టించబోయిన చెట్టే ఆ బిడ్డకు తోడుగా ఉన్నదని తెలిసిన తరువాత మాకు సిగ్గు వేసింది.

మనకు తెలియనిదా?

నిజానికి ఇది మనకు కొత్త విద్య కాదు. మన పాత మండువా లోగిలిని గుర్తుచేసుకోండి. నడుమ ఆకాశం, చుట్టూ వరండా, వాన పడితే ఇంటి మధ్యనే చూడవచ్చును. వీధి అరుగు మీద కూర్చుంటే వెనుక గోడ, ముందు వీధి. రవీంద్రనాథ్ ఠాగూరు 1901లో శాంతినికేతన్‌లో బడి ప్రారంభించి చెట్ల క్రిందనే పాఠాలు చెప్పించారు. 2023లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ బడికి స్థలం ఎంచుకున్నప్పుడు జిడ్డు కృష్ణమూర్తిగారు అక్కడి పెద్ద మర్రిచెట్టును చూసి ముచ్చటపడ్డారని చెప్పుకుంటారు.

ఈ విషయంలో లారీ బేకర్‌గారిని తలచుకోకుండా ఉండలేము. క్వేకర్ సంఘానికి చెందిన ఈ ఇంగ్లీషు ఆర్కిటెక్టు 1945లో కుష్ఠురోగుల ఆశ్రమాల నిర్మాణం కొరకు మన దేశం వచ్చి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూసేవరకు ఇక్కడివారిలో ఒకరిగానే జీవించారు. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ భవనాలను ఆయన చెట్లను తప్పించి, నేల వాలును అనుసరించి కట్టారు. ఇటుకల మధ్య ఖాళీలు వదిలి జాలీ గోడలు లేపారు. జాలీ గోడకు ఇటుకలు తక్కువ పడతాయి. గాలి వస్తుంది. ఎండ నేరుగా పడక చిన్న చిన్న చుక్కలుగా లోపలికి దిగుతుంది. అద్దాలు, ఊచలు అవసరం లేదు.

జపానులో టోక్యో సమీపాన తచికావాలో ఫుజి కిండర్‌గార్టెన్ అనే శిశు పాఠశాల ఉన్నది. దీనిని 2007లో తెజుకా దంపతులు రూపొందించారు. అండాకారపు భవనం. ఆ స్థలంలో మునుపే ఉన్న మూడు పెద్ద జెల్కోవా చెట్లను కొట్టకుండా, పైకప్పులో నుండి వాటిని పైకి పోనిచ్చారు. పిల్లలు కప్పు మీద పరుగెత్తుతారు. జారిపడకుండా చెట్ల మొదళ్ల చుట్టూ వలలు కట్టారు. మన బడులకు అంత ఖర్చు సాధ్యం కాకపోవచ్చు. చెట్టును బట్టి కట్టడాన్ని మార్చుకోవచ్చునన్న ఆలోచనకు మాత్రం ఖర్చు లేదు.

మేము చేసిన మార్పులు

ముందుగా వెలుతురు, గాలి. భోజనాల హాలుకు తూర్పున కిటికీ లేని గోడ ఉన్నది. అది బరువు మోసే గోడ కాదని, స్తంభాల మధ్య నింపినదేనని ఇంజనీరు చేత చూపించుకున్న తరువాత, దాని పైభాగం తీసి ఇటుక జాలీ కట్టించాము. పొద్దున్నే ఎండ చుక్కలు నేల మీద కదులుతుంటే చిన్నపిల్లలు వాటి మీద కాళ్లు వేస్తూ ఆడుకుంటున్నారు. పడమటి గోడను తెరవలేదు, మధ్యాహ్నపు ఎండ తట్టుకోలేము. దానికి బయట తీగలు కట్టి రాధామనోహరం పాకించాము. దాని పూలు సాయంత్రం తెల్లగా విచ్చుకుని, తరువాత గులాబీ రంగుకు, ఆ తరువాత ఎరుపుకు మారుతాయి. గోడ వేడి కొంత తగ్గింది. పిల్లలకు రోజూ చూచుకునే పని ఒకటి దొరికింది.

రెండవది చప్పుడు. నున్నని గోడలు, టైల్సు, రేకులు చప్పుడును తిప్పికొడతాయి. పీచు, నార, గుడ్డ వంటివి కొంత పీల్చుకుంటాయి. హాలు గోడల పైభాగాన కొబ్బరిపీచు పలకలు బిగించాము. ఒకే పెద్ద హాలుగా ఉన్నదానిని వీపు ఎత్తు చెక్క అరలతో నాలుగు భాగాలు చేశాము. గోల పూర్తిగా పోలేదు గాని, ప్రక్కన కూర్చున్నవారి మాట ఇప్పుడు వినబడుతున్నది.

మూడవది నేల. చేతులు కడుక్కునే చోట జారుడు టైల్సు తీసివేసి గరుకు తాండూరు బండలు పరిపించాము.

నాలుగవది గోడలు. అడవి బొమ్మల స్టిక్కర్లు మానుకున్నాము. ఇంగ్లండులోని సాల్ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు 27 ప్రాథమిక పాఠశాలలలో 153 తరగతి గదులను పరిశీలించి 2015లో నివేదిక ఇచ్చారు. గోడలను మరీ నింపితే పిల్లలకు మేలు కాదని, కొంత భాగం ఖాళీగా ఉంచాలని అందులో చెప్పారు. మేము పైభాగానికి తెల్లసున్నం, క్రింది భాగానికి ఇటుక రంగు వేయించాము. ఒక్క గోడ పిల్లలకు వదిలాము. వారు ఏరి తెచ్చిన ఆకులు, గింజలు, పక్షి ఈకలు అక్కడ పెడతారు, నెలకొకసారి మారుస్తారు.

అయిదవది ఆ మెట్ల క్రింద మూల. చీపుళ్లకు వేరే చోటు చూపించి, అక్కడ అరుగులాంటి బెంచీ కట్టించాము. పిల్లలు చాటుగా కూర్చునే చోటు మంచిది కాదని టీచర్లు అభ్యంతరం చెప్పారు. ఆ మాటలో న్యాయం ఉన్నది. అందుచేత తలుపుగాని తెరగాని పెట్టలేదు. ఆఫీసు గది నుండి చూస్తే అక్కడ కూర్చున్నవారు కనబడతారు.

జాగ్రత్తలు

ప్రకృతి పేరున ప్రమాదాన్ని తెచ్చుకోకూడదు. మాలో ఒకరు వరండాకు తాటాకు కప్పు వేయిద్దామన్నారు. చల్లగా ఉంటుంది, అందంగా ఉంటుంది. మాస్టారు వెంటనే కుంభకోణం సంగతి గుర్తు చేశారు. 2004 జూలై 16న తమిళనాడులోని ఆ పట్టణంలో ఒక బడి వంటశాల నిప్పు పూరికప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ తరువాత మాలో ఎవరూ తాటాకు మాట ఎత్తలేదు. వెదురు, చాపలు, పీచు పలకలు వాడినా వంటకు, కరెంటు తీగలకు దూరంగా ఉంచాలి. రెండు వైపులా బయటికి దారి ఉండాలి.

మొక్కల ఎంపికలో కూడా జాగ్రత్త అవసరం. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త విషపూరితమైనవి. పచ్చగన్నేరు గింజలు ప్రాణం తీయగలవు. ఇళ్లలో అందానికి పెంచే డిఫెన్‌బాకియా ఆకు నమిలితే నోరు, గొంతు వాస్తాయి. చిన్నపిల్లలు తిరిగే చోట ఇవి వద్దు. తులసి, మందార, నిమ్మగడ్డి, కరివేపాకు చాలు.

కుండీల క్రింద పళ్లాలలో నీరు నిలిస్తే డెంగీ దోమకు అదే పుట్టిల్లు. గుడ్డు నుండి దోమ కావడానికి సుమారు వారం, పది రోజులు చాలు. కనుక వారానికొకసారైనా పళ్లాలు వంపి, తుడిచి, ఆరబెట్టాలి. మేము పళ్లాలే తీసివేశాము.

కుండీలు పెడితే గదిలో గాలి శుభ్రపడుతుందని చాలామంది నమ్ముతారు. 1989లో నాసా చేసిన ప్రయోగం గాలి చొరని చిన్న పెట్టెలలో జరిగినది. మామూలు గదిలో ఆ ఫలితం రావాలంటే చదరపు మీటరుకు 10 మొదలు 1000 మొక్కల వరకు కావాలని 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంవారు లెక్క కట్టారు. గాలి శుభ్రపడాలంటే కిటికీ తెరవడమే మార్గం. మొక్క కంటికి, మనసుకు.

కానుగ చెట్టు, ఆయమ్మ

చివరికి చెట్టు సంగతి తేల్చవలసి వచ్చింది. బస్సులు లోపలికి రావాలని కొందరు తల్లిదండ్రులు గట్టిగా పట్టుబట్టారు. వానలో పిల్లలు తడుస్తారన్నది వారి బాధ. అది కాదనలేము. రెండు సమావేశాలు కోపతాపాలతో ముగిసినవి. మూడవదానికి ఆయమ్మను కూడా పిలిచాము. ఆకులు ఊడ్చేది ఆమె కనుక చెట్టు వద్దంటుందని అందరమూ అనుకున్నాము.

“ఆకులు ఊడ్చలేక చస్తున్నానమ్మా, అది నిజమే. అయినా ఎండాకాలం నేను అన్నం తినేది దాని కిందే గదా. కొట్టేస్తే నేనెక్కడ కూర్చోవాలి?” అన్నది ఆమె.

పిల్లలను గూర్చే ఆలోచించిన మేము, ఆమె కూడా ఈ స్థలాన్ని వాడుకునే మనిషేనని అంతవరకు తలచలేదు. చెట్టు ఉండిపోయింది. గేటు నుండి వరండా వరకు రేకుల నడవ వేయించి, బస్సులు బయటనే ఆపేటట్లు ఏర్పాటు చేశాము. వీధి వైపు ఒక కొమ్మ మాత్రం తీయవలసి వచ్చింది. ఆకులు వేయడానికి పెరటిలో గుంట తవ్వించాము. శుక్రవారం చివరి పీరియడులో పెద్ద తరగతుల పిల్లలు వంతులవారీగా ఊడుస్తారు, మొక్కలకు నీరు పోస్తారు. వేసవి సెలవుల కొరకు మొక్కల ప్రక్కన మట్టి కుండలు మూతి పైకి ఉంచి పాతాము. నింపి మూత పెడితే నీరు మెల్లగా ఊరి వేళ్లకు అందుతుంది. మొదటి వేసవిలో నింపేవారు లేక సగం మొక్కలు ఎండిపోయాయి. ఇప్పుడు దగ్గరలో ఉన్న కుటుంబాలు వంతులు వేసుకున్నవి.

ఆ చిన్నపిల్ల ఇప్పుడు ఆరో తరగతి. మెట్ల క్రింద కూర్చోవడం మానివేసింది. స్నేహితురాళ్లతో హాలులో జాలీ ప్రక్కన తింటున్నది. ఆమె చోటులో మరెవరో చిన్నవారు కూర్చుంటున్నారు.

పాఠకులారా, మీరు డబ్బు పోగుచేయకముందు, కాంట్రాక్టరును పిలువకముందు ఒక పని చేయండి. ఒక మధ్యాహ్నం మీ బిడ్డ చదివే బడికి అనుమతి తీసుకుని వెళ్లండి. భోజనాల గంట కొట్టిన తరువాత వరండాలో పది నిమిషాలు నిలబడండి. పిల్లలు ఎక్కడ చేరుతున్నారో, ఎక్కడి నుండి పారిపోతున్నారో చూడండి. వారి ఎత్తుకు వంగి, అక్కడి నుండి ఏమి కనబడుతున్నదో చూడండి. ఏమి మార్చాలో, దేనిని తాకకూడదో మీకే తెలుస్తుంది.